ఎనిమిది బారల తాడు

అక్టోబరు 4

పొద్దున ఎండ, మధ్యాహ్నానికి మబ్బు. లాండ్రీ డాబా మీద ఆరేసిన ఆసుపత్రి దుప్పట్లు సగం ఆరీ ఆరకుండానే దించాం.

ఊరి నుంచి అన్న ఫోన్ చేశాడు. చిన్నాన్న కొడుకు. అతని గొంతు విని రెండేళ్ళయింది. వచ్చే నెలకి తుఫాను వచ్చి ఇరవై ఏళ్ళట. రేవు దగ్గర పోయినవాళ్ళ పేర్లతో రాయి నిలబెడుతున్నారట. శవాలు దొరికినవాళ్ళ పేర్లు చెక్కేశారు. నాన్నదీ ఉంది, చెల్లి మొగుడిదీ ఉంది. దొరకనివాళ్ళ పేరు చెక్కాలంటే, చివరిసారి చూసినవాళ్ళు ఎలా పోయారో ఒక కాగితం మీద రాసివ్వాలి. రక్తసంబంధం ఉన్నవాళ్ళు అది చదివి కింద సంతకం పెట్టాలి.

"చెల్లిని చివర చూసింది నువ్వే కదమ్మా," అన్నాడు. "నాలుగు ముక్కలు రాయి. దాని పిల్ల చేత సంతకం పెట్టించు. నెలాఖరులోగా అందితే చాలు."

సరే అన్నాను.

నాలుగు ముక్కలు కూడా అక్కర్లేదు. తాడు తెగింది. పిల్లకి ఊహ తెలిసినప్పటి నుంచీ చెబుతున్నది అదే. రాయడానికేముంది.

అక్టోబరు 5

రాయలేదు. ఇంట్లో కాగితం లేదు. ఈ పుస్తకంలోంచి చింపితే కుట్టు ఊడుతుంది.

అక్టోబరు 7

పొద్దంతా పొగమంచు. లోపల ఇస్త్రీ ఆవిరి, బయట మంచు. తలుపు తెరిస్తే ఏది ఎక్కడిదో తెలియదు. పెద్ద దుప్పటి మడవాలంటే ఇద్దరుండాలి. చెరో రెండు కొసలూ పట్టుకుని వెనక్కి నడవాలి, దులపాలి, ఎదురుగా వచ్చి కొసలు అందించాలి, మళ్ళీ వెనక్కి. పదకొండేళ్ళుగా నా జోడీ ఒకత్తే. ఇవాళ మంచులో ఆమె కనిపించలేదు. దుప్పటి ఒక్కటే నా చేతుల్లోంచి బయల్దేరి ఎటో తెల్లగా వెళ్ళిపోయింది, అవతలి కొసని ఎవరో పట్టుకుని ఉన్నట్టు బరువు మాత్రం తెలుస్తోంది. అలా కాసేపు నిలబడ్డాను.

"అక్కా! ఉన్నావా, పోయావా?" అని జోడీ అరిచింది.

"ఉన్నా. లాగు."

"ఏదీ, సబ్బు సంచి అను. నీ ఈల వినపడితేనే నమ్ముతా."

నాకు కింది పలువరసలో ముందు పళ్ళు రెండు లేవు. కొన్ని మాటలకి ఈల వస్తుంది.

"ఇంతకీ ఎవరు రాలగొట్టారక్కా? మొగుడా?"

"మొగుడే ఉంటే వాడివి రాలేవి."

ఆమె నవ్వు మంచులోంచి ముందు వచ్చింది, తర్వాత మనిషి వచ్చింది.

మూటలు కట్టే పని నాది. నా మూట వార్డులో ఒక్క లాగుకి విచ్చుకుంటుందని అందరికీ ఇష్టం. జోడీ కడితే కత్తెర కావాలి. "నీ చేతికి మంత్రం ఉందక్కా," అంటుంది.

మంత్రం కాదు. పడవ తాళ్ళు కట్టిన చెయ్యి.

అక్టోబరు 9

పిల్ల ఆసుపత్రి కట్ల గదిలో పని నేర్చుకుంటోంది. ఇంటికొచ్చి నా మీద కట్టి చూసుకుంటుంది. ఇవాళ మోచేతికి కట్టింది. నా చెయ్యి నాది కానట్టు ఉంది.

"కదలకు పెద్దమ్మా. నువ్వు పేషెంటువి."

"పేషెంటుకి గిన్నెలు తోమే పని ఉంది మరి."

"ఈ కట్టుతో తోము, తడిస్తే మళ్ళీ కడతా. నాకూ చెయ్యి తిరుగుతుంది."

గాయాన్ని చూడడం నేర్పుతున్నారట. అంచు నున్నగా ఉంటే కోసింది, చిరుగులుగా ఉంటే తెగింది. అంచు చూస్తే ఏం జరిగిందో తెలిసిపోతుందట. మనిషి ఏం చెప్పినా సరే, అంచే చెబుతుందని వాళ్ళ సిస్టరమ్మ అన్నదట.

అన్న అడిగిన కాగితం సంగతి చెప్పాను. "అమ్మ పేరు రాయి మీద ఉంటుందా?" అంది. ఉంటుందన్నాను. ఆ కట్టు విప్పి, చుట్టి, మళ్ళీ మొదటి నుంచి కట్టింది. "త్వరగా రాయి మరి," అంది. "నేను ఎక్కడైనా అమ్మ పేరు చూసింది నా బడి సర్టిఫికెట్‌లోనే."

కాగితాలు తెచ్చి పెట్టింది. గీతలున్నవి, పది.

అక్టోబరు 12

తెల్లవారుజామున మెలకువలో రేవు కనిపించింది. కల కాదు, కళ్ళు తెరిచే ఉన్నాను. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. పడవలన్నీ ఒకే వైపు మొహం తిప్పుకుని ఉన్నాయి. నాన్న మోకాళ్ళ లోతులో నిలబడి, నాకు పచ్చ తాడు కొస విసిరాడు. ఎనిమిది బారల నైలాను తాడు. రెండు కొసలూ అగ్గిపుల్లతో కాల్చి ముద్ద చేశాడు, పురి విడిపోకుండా.

నాన్నకి కొడుకుల్లేరు. పడవ కట్టే పని నాకు నేర్పాడు. కొసని మడిచి దూర్చి, చివర వదిలెయ్యాలి. పడవ ఎంత లాగితే అంత బిగుస్తుంది. వదిలిన చివరని పట్టి లాగితే మాత్రం ఒక్క ఊపున విడిపోతుంది. జారుముడి. ఒకసారి పీటముడి వేశానని వీపు మీద చరిచాడు.

"గాలి లేచినప్పుడు ముడి విప్పుతూ కూర్చుంటావా? పడవ పోతుంది, నువ్వూ పోతావు. చేతికి ఆలోచన ఉండకూడదు. కళ్ళు మూసుకున్నా ఇదే పడాలి."

కళ్ళు మూసుకుని వంద సార్లు వేయించాడు. చెల్లి గట్టు మీద కూర్చుని లెక్కపెట్టింది. మధ్యలో తప్పి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. కావాలనే తప్పిందని ఇప్పటికీ నా అనుమానం.

అక్టోబరు 13

తాడు తెగింది.

అక్టోబరు 16

నాలుగు రోజులుగా వాన. ఇల్లంతా తడి బట్టల వాసన. గోడలు చెమ్మగిల్లి, దీపం వెలుగులో గది నీళ్ళ అడుగున ఉన్నట్టుంది. మా వైపు సముద్రంలో వాయుగుండం పట్టిందని రేడియోలో చెప్పారు. అన్నకి రెండుసార్లు చేశాను, మోగలేదు.

గదిలో బట్టల తాడు కిటికీ పక్కన ఉంటే జల్లు కొడుతోందని పిల్ల అవతలి గోడకి మార్చింది. నేను వచ్చేసరికి రెండు వైపులా విప్పేసి నేల మీద పరిచింది. పచ్చ తాడు. ఇన్నేళ్ళూ ఒక చివర కిటికీ ఊచకి ఉండేది. రెండో వైపు బీరువాకి కట్టి, మిగిలిందంతా చుట్ట చుట్టి దాని వెనక తోసి ఉంచాను. వాడడానికి ఇంట్లో వేరే తాడు లేదు.

పిల్ల నేల మీద కూర్చుని ఒక కొస చూసింది. దాన్ని పట్టుకునే జరిగి రెండో కొస చూసింది.

"పెద్దమ్మా, ఇది అమ్మని కట్టిన తాడే కదా? మిగిలిన ముక్క అన్నావు."

"ఆ."

"తెగిన ముక్కకి రెండు చివరలా కాల్చిన ముద్ద ఎలా ఉంటుంది?"

పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. వెళ్ళి దించాను. దించాల్సినంత మరగలేదు.

"తర్వాత కాల్చి ఉంటాను," అన్నాను. "గుర్తు లేదు."

పిల్ల రెండు కొసలూ పక్కపక్కన పెట్టి చూసింది. రెండూ ఒకేలా, నాన్న బొటనవేలు నొక్కినట్టే చదునుగా ఉన్నాయి. పిల్ల లేచింది. తాడు కట్టి బట్టలు ఆరేసింది. నా రవిక ఆమె తువ్వాలు పక్కన.

అక్టోబరు 17

మూట విప్పలేకపోయామని మూడో వార్డు నుంచి కబురు. మేస్త్రీ నా దగ్గరకి వచ్చాడు. మాట్లాడుతున్నంత సేపూ గోడ గడియారం వంకే చూస్తాడని అతన్ని గడియారం అంటాం.

"ఏమ్మా, నీ మూటేనా ఇది? ఇన్నేళ్ళలో మొదటిసారి. కత్తెరతో కోశారట."

"నాదే."

"ఒంట్లో బాగా లేదా?"

"బాగానే ఉంది. పీటముడి పడింది."

"పడడమేంటి, వేశావా, పడిందా?"

గడియారం వెళ్ళిపోయాడు. జోడీ నా మొహం చూసి, రోజంతా ఒక్క జోకూ వెయ్యలేదు. దాంతో ఇంకా భయమేసింది.

అక్టోబరు 19

వాన ఆగి ఆగి పడుతోంది. పిల్ల డ్యూటీలో ఉంది. రాస్తాను.

ఆ రోజు పొద్దున గాలి వెచ్చగా ఉంది. నాన్న, చెల్లి మొగుడు పడవలు పైకి లాగుతామని వెళ్ళారు. చెల్లికి జ్వరం. పిల్లకి ఐదు నెలలు. మధ్యాహ్నం రెండింటికి వీధిలో నీళ్ళు కనిపించాయి. మొదట ఎవరో బాన ఒలకబోసినట్టే ఉన్నాయి. ఐసు ఫ్యాక్టరీ మేడ మీదకి ముగ్గురం వెళ్ళాం. పచ్చ తాడు నా భుజాన ఉంది. ఎందుకు తీసుకున్నానో తెలియదు, ఇంట్లోంచి ఏం తీసుకోవాలో తెలియక చేతికందింది తీసుకున్నాను.

మూడింటికే చీకటి. మేడ మీద ఇనుప స్తంభం ఉంది, నీళ్ళ తొట్టిని మోసేది. తొట్టి అప్పటికే ఎగిరిపోయింది. చెల్లి నిలబడలేకపోతోంది. స్తంభానికి ఆనించి తాడుతో చుట్టాను, ముడి పడింది. పిల్ల ఆమె చేతుల్లో ఉంది. నేను ఇద్దరినీ కలిపి పట్టుకున్నాను. గాలిలో కంకర ఉంది.

తర్వాత గాలి ఆగిపోయింది.

ఒక్కసారిగా ఆగింది. ఆకాశం పసుపచ్చగా తెరుచుకుంది. మేడ అంచు నిండా పక్షులు. సముద్రం పక్షులు, ఊరి పిచ్చుకలు, పక్కపక్కనే కూర్చున్నాయి, ఏదీ దేన్నీ పొడవలేదు. చెల్లి భుజం మీద ఒకటి వాలింది. మా చుట్టూ ఎక్కడా ఊరు లేదు. గోధుమరంగు నీళ్ళు, వాటి మీద పసుపచ్చ వెలుగు, తలుపులూ మంచాలూ మెల్లగా తేలి వెళ్తున్నాయి, ఎవరో ఇల్లు మారుతున్నట్టు. అంత అందమైన సాయంత్రం నేను మళ్ళీ చూడలేదు. ఇది ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతారు.

"అక్కా, కొంచెం వదులు చెయ్యవే. ఊపిరాడట్లేదు," అంది చెల్లి.

చివర పట్టి లాగాను. ఒక్క ఊపున వచ్చేసింది.

అక్టోబరు 20

చెయ్యి నొప్పి. రాయలేదు.

అక్టోబరు 21

ఒక్క ఊపున వచ్చేసింది. అప్పుడు చూశాను ఏ ముడి వేశానో.

చెల్లి నవ్వింది కూడా. "నాన్న చూస్తే మెచ్చుకునేవాడు," అంది. పిల్లని నాకిచ్చింది. "నువ్వు పట్టుకో. నాకు నిద్రొస్తోంది."

పిల్లని ఎడమ చేత్తో పట్టుకుని మళ్ళీ కట్టాను. కాస్త వదులుగా. రెండోసారి. చెయ్యి మళ్ళీ అదే ముడి వేసింది.

చెయ్యి వేసిందని రాశాను. ఇరవై ఏళ్ళుగా అలాగే అనుకుంటున్నాను. మొదటిసారి చెయ్యి వేసింది, నిజం. రెండోసారి నేను చూస్తున్నాను. మేడ కూలితే త్వరగా విప్పాలి కదా అనుకున్నాను. గాలి అయిపోయిందనుకున్నాను. పక్షులని చూస్తూ కట్టాను.

రెండోసారి నేనే వేశాను.

మళ్ళీ గాలి లేచింది, ఈసారి అవతలి వైపు నుంచి. దాని వెనకే నీళ్ళు, నడుము దాకా. ఎవరిదో వల కొట్టుకొచ్చి వదిలిన కొసకి తగులుకుంది. తగులుకోవడం చూశాను. నా ఒక చెయ్యి స్తంభానికి, ఒక చెయ్యి పిల్లకి. వల వెళ్ళిపోయింది. నాన్న నేర్పిన ముడి దాని పని అది చేసింది.

చెల్లి అరవలేదు. నిద్రలోనే ఉందేమో.

తాడు స్తంభానికే ఉండిపోయింది, మొత్తం.

అక్టోబరు 23

రాశాను. పిల్ల తెచ్చిన కాగితాల్లో తొమ్మిది పాడయ్యాయి. పదోది ఇది:

'మా చెల్లెల్ని ఐసు ఫ్యాక్టరీ మేడ మీద స్తంభానికి నేను కట్టాను. తాడు తెగలేదు. గాలి ఆగినప్పుడు ముడి విప్పి, మళ్ళీ జారుముడే వేశాను. అది జారుతుందని నాకు తెలుసు. వల తగిలి విడిపోయింది. సాయంత్రం నాలుగు దాటాక. తాడు ఎనిమిది బారలు. ఇప్పటికీ ఎనిమిది బారలే.'

పిల్ల కట్ల పెట్టె మీద పెట్టి పనికి వచ్చేశాను. వచ్చే దారిలో రెండుసార్లు ఆగాను. వెనక్కి వెళ్ళి తీసేసుకోవచ్చు. ఈ ఊళ్ళో నాకు పిల్ల తప్ప ఎవరూ లేరు. ఆ మాట కాగితంలో రాయలేదు, దానికి దీనితో సంబంధం లేదు.

అక్టోబరు 24

కాగితం పెట్టె మీద లేదు. పిల్లా లేదు. డ్యూటీ గదిలోనే పడుకుంటానని పక్కింటి దర్జీకి చెప్పి వెళ్ళిందట.

అక్టోబరు 25

గాలి లేదు. ఆకు కూడా కదలడం లేదు.

అక్టోబరు 26

అన్న ఫోన్ కలిసింది. వాయుగుండం ఎటో తప్పుకుని వెళ్ళిపోయిందట. "మా వైపు చొక్కా కూడా ఎగరలేదు," అన్నాడు. కాగితం గురించి అడిగాడు. పిల్ల దగ్గర ఉందన్నాను.

లాండ్రీ కిటికీలోంచి పిల్లని చూశాను. ఆసుపత్రి వరండాలో ఒక ముసలాయనకి చెప్పు తొడుగుతోంది. పైకి చూడలేదు. జోడీ నా పక్కకొచ్చి తనూ చూసింది.

"పలకట్లేదా?"

"లేదు."

"నేనూ మా అమ్మతో ఆరు నెలలు మాట్లాడలేదు. గ్లాసు పగలగొట్టానంది, నేను కాదు."

"ఇది గ్లాసు కాదే."

"తెలుసులే. కొసలు పట్టు."

అక్టోబరు 28

నిన్న సాయంత్రం పిల్ల వచ్చింది. గొడుగు మూల పెట్టింది. కూర్చోలేదు.

"ఆ ముడి వేసి చూపించు."

తాడు గోడకి ఉంది, బట్టలున్నాయి. సంచీ తాడు తీసి కుర్చీ కాలికి వేశాను. కళ్ళు మూసుకోకపోయినా అంతే త్వరగా పడింది. పిల్ల ముందు కుర్చీ పట్టి లాగింది, బిగిసింది. చివర పట్టి లాగింది, విడిపోయింది. మళ్ళీ వెయ్యమంది. ఆరు సార్లు.

"మంచి ముడి," అంది.

"పడవకి."

"పీటముడి నీకు రాదా?"

"వచ్చు. చేతికి అలవాటు లేదు."

"ఇరవై ఏళ్ళు తెగిందని ఎందుకు చెప్పావు?"

"తెగి ఉంటే బాగుండేది."

కిటికీ బయట చూరు నీళ్ళు ఒక్కో చుక్కే పడుతున్నాయి. పిల్ల కుర్చీలో కూర్చుంది. సంచీ తాడు వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ ఉంది.

"మరి నన్ను ఏ ముడితో కట్టుకున్నావు?"

"నీకు ముడి వెయ్యలేదు. కట్టడానికి చెయ్యి ఖాళీ లేదు. దుప్పట్లో చుట్టి ఉన్నావు. దుప్పటి కొసలు పళ్ళతో పట్టుకున్నాను."

పిల్ల లేచి వచ్చి నా గడ్డం పట్టుకుని మొహం దీపం వైపు తిప్పింది. కట్ల గదిలో చూసినట్టే చూసింది, పెదవి కిందికి లాగి, పళ్ళు లేని చోట వేలు పెట్టి.

"చిన్నప్పుడు పడ్డానన్నావు."

"ఆ."

"ఎంతసేపు పట్టుకున్నావు?"

"వెలుగొచ్చేదాకా. పళ్ళు ఎప్పుడు పోయాయో తెలియదు. పక్కవాటితో పట్టుకున్నాను."

"ఇది కాగితంలో లేదేం?"

"వాళ్ళు అడిగింది చెల్లి గురించి."

పిల్ల చెయ్యి తీసేసింది. బ్యాగులోంచి కాగితం తీసింది. నాలుగు మడతలు పడి, మడతల దగ్గర మెత్తబడి ఉంది. టేబుల్ మీద పరిచి సంతకం పెట్టింది. అమ్మ పేరు, పక్కన తన పేరు, తేదీ.

"నాకు కోపం ఉంది పెద్దమ్మా."

"ఉండనీ."

"చాలా రోజులు ఉండేట్టుంది."

"సరే."

"తిన్నావా?"

లేదన్నాను. ఉన్నది ఇద్దరం తిన్నాం. తిన్నాక పిల్ల బట్టల తాడు దగ్గరకి వెళ్ళి, తన బట్టలు తీసి మడత పెట్టుకుని, తాడు విప్పి మళ్ళీ ఏదో సర్దింది. నేను గిన్నెలు తోముతున్నాను, చూడలేదు.

అక్టోబరు 29

కాగితం పోస్టు చేశాను. డబ్బాలో పడిన చప్పుడు వినిపించింది.

నవంబరు 2

ఎండ. మబ్బు తునక కూడా లేదు. లాండ్రీ డాబా మీద దుప్పట్లు పొద్దున ఆరేస్తే పది గంటలకే గలగలమన్నాయి.

ఇంటికొచ్చి తాడు విప్పి కిటికీ దగ్గరికి మారుద్దామనుకున్నాను. రాలేదు. పిల్ల ఆ రోజు రెండు వైపులా పీటముడి వేసింది, ఒకదాని మీద ఒకటి, మూడేసి. గోళ్ళతో చాలాసేపు చూశాను. అలాంటి ముడిని ముందు పళ్ళతో పట్టి వదులు చేసి విప్పుకోవాలి.

పిల్ల గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఎంతసేపైందో.

"నీకు రాదు," అంది. "పళ్ళు లేవుగా."

కత్తెర ఆమె పెట్టెలోనే ఉంది. నేను అడగలేదు, ఆమె ఇవ్వలేదు.

బయట మంచి ఎండ. బట్టలు ఇంట్లోనే ఆరేశాం.